వీక్‌నెస్‌కి బదులు ఏం రాయాలి

కాలేజీలో పాఠాలు చెప్పిన రోజులు కూడా కలుపుకుంటే ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఉద్యోగం చేశాను. అన్నేళ్ళలో నలుగురూ మెచ్చుకున్న పని ఒక్కటే. అది ఒక పేజీ కాగితం. దాన్ని జిరాక్సు తీయించుకుని సీట్ల దగ్గర అంటించుకున్నారు, వేరే ఊళ్ళ ఆఫీసులకు పంపించుకున్నారు, నాకొక సర్టిఫికెట్టూ ఒక గోడ గడియారమూ ఇచ్చారు. ఒకతని ఉద్యోగం పోవడంలో ఆ కాగితానికి వాటా ఉంది. నాకు అంతకన్నా పెద్ద వాటా ఉంది. ఇప్పుడు మీరు ముప్పై దాటకుండానే మేనేజర్లవుతున్నారు, ఏడాదికోసారి మీ కింద పనిచేసేవాళ్ళ గురించి నాలుగు వాక్యాలు రాస్తున్నారు. మీకు పనికొస్తుందేమోనని చెబుతున్నాను.

మాది తెనాలి. చదివింది ఎం.ఏ. ఇంగ్లీషు. మావారిది ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఇందిరాపురంలో ఫ్లాటు తీసుకున్నాక పక్కనే నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు పని దొరికింది. ఇంజనీర్లకు ఈమెయిళ్ళు రాయడం నేర్పే ట్రైనరుగా చేరి, రెండేళ్ళకు హెచ్.ఆర్.లోకి మారాను. ఇంగ్లీషు లెక్చరరుకు హెచ్.ఆర్.లో ఏం పని అని మావారు అడిగేవారు. ఉత్తరాలు రాయడమే అక్కడ సగం పని అని నాకు తర్వాత తెలిసింది.

మా కంపెనీకి అప్రైజల్ ఫారం అమెరికాలోని హెడ్డాఫీసు నుంచి వచ్చింది. అందులో రెండు గళ్ళుండేవి. ఒకటి స్ట్రెంగ్త్స్, రెండోది వీక్‌నెసెస్. ఒక ఏడాది ఒక మేనేజరు కాన్పూరు నుంచి వచ్చిన అమ్మాయి ఫారంలో రెండో గడిలో ఒకే మాట రాశాడు. కేర్‌లెస్. ఆ అమ్మాయి వాష్‌రూమ్‌లో తలుపు వేసుకుని ఏడ్చింది. వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చింది. ఆమెకు తప్ప ఎవరికీ తెలియని పని ఒకటి ఆమెతోపాటే వెళ్ళిపోయి, ప్రాజెక్టు రెండు నెలలు వెనకబడింది.

మా డైరెక్టరు లక్నో మనిషి. కుర్చీ చూపించి తష్రీఫ్ రఖియే, దయచేసి కూర్చోండి అంటే గానీ మాట మొదలుపెట్టని మర్యాద ఆయనది. నన్ను పిలిచారు.

"మేడమ్, మన మేనేజర్లు మంచివాళ్ళే. మాట్లాడటం రాదు. వీక్‌నెస్ అనే మాట చూస్తేనే మనిషికి మొహం మీద కొట్టినట్టుంటుంది. దానికి బదులు కాస్త మర్యాదైనవి ఏమైనా ఇస్తారా? ఒక లిస్టులాగా?"

నాకు పండగలా అనిపించింది. అన్నాళ్ళ తర్వాత నా ఎం.ఏ.తో ఎవరికో అవసరం పడింది. ఆదివారం డిక్షనరీలు ముందేసుకుని డైనింగ్ టేబులు దగ్గర కూర్చున్నాను.

ఆ పని చేస్తుంటే నిజంగా సంతోషంగా ఉండింది, అది దాచను. ఒకటే అర్థమనుకునే మాటలు దేని దారి దానిదే. డ్రాబ్యాక్ అనేది ఇంటికో పద్ధతికో ఉంటుంది గానీ మనిషికి అంటదు. మా ఫ్లాటు డ్రాబ్యాక్ వేసవిలో నీళ్ళు రాకపోవడం. షార్ట్‌కమింగ్ అంటే కొలతకు తక్కువ పడటం, జాకెట్టు గుడ్డ పావు మీటరు తగ్గినట్టు. డెఫిషియెన్సీని డాక్టర్లు తీసేసుకున్నారు, ఐరనో విటమినో పక్కన లేకపోతే అది నిలబడదు. డిఫెక్ట్ యంత్రానిది. మా ఇంజనీర్లు ప్రోగ్రాములో దొరికిన తప్పులను ఆ పేరుతోనే లెక్కపెట్టుకునేవాళ్ళు, దాన్ని మనిషికి రాస్తే అతన్ని కూడా విప్పి బాగుచేయాలన్నట్టుంటుంది. ఫ్లా అంటే గాజులో పగులులాంటిది, పుట్టుకతో ఉంటుంది, పోదు. ఫెయిలింగ్ స్వభావానికి సంబంధించింది, అది అత్తగారు అనాల్సిన మాట, ఆఫీసు అనకూడదు. మావారు పేపరు చదువుకుంటూనే "లాకునా వేసుకున్నావా? మా ఫైళ్ళలో అది లేకుండా పేజీ తిరగదు" అన్నారు. లాకునా అంటే మధ్యలో వదిలేసిన ఖాళీ. వేసుకున్నాను.

చివరికి మూడు వరసలు చేశాను. మొదటి వరసలో మాటలు ఎప్పుడూ రాయకూడనివి. రెండో వరసవి జాగ్రత్తగా రాయాల్సినవి. మూడోదానిలోవి ఎవరి గురించైనా భయం లేకుండా రాయదగినవి. ఏరియా ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్, స్కోప్ ఫర్ గ్రోత్, ఆపర్చునిటీ టు ఎన్‌హాన్స్. ఫారంలో వీక్‌నెసెస్ అనే గడి పేరు కూడా మార్పించాను.

ఆ ఏడాది ఎవరూ ఏడవలేదు. ఫిర్యాదులు రాలేదు. గడియారం వచ్చింది.

రెండో ఏడాదికల్లా మేనేజర్లు మొదటి రెండు వరసలూ చూడటం మానేశారు. మూడో వరస ఉండగా మిగతావాటి జోలికి ఎవరు పోతారు? ఫారాలు ఫైలు చేస్తుంటే అన్నీ ఒకేలా కనిపించేవి. ఒక మేనేజరైతే ఎనిమిది మందికి ఒకే వాక్యం అతికించాడు, పైగా క్యాంటీన్లో నాకే నవ్వుతూ చెప్పాడు. మాటలు మెత్తబడ్డా లోపల చెప్పాల్సింది అలాగే ఉంటుంది కదా. అందుకని మాలో మాకు ఒక రహస్య భాష తయారైంది. స్కోప్ ఫర్ గ్రోత్ అంటే పని అంతంతమాత్రం. ఆపర్చునిటీ అంటే బాగాలేదు. సిగ్నిఫికెంట్ ఆపర్చునిటీ అంటే ఇతనితో కష్టం. ఈ భాష మేనేజర్లకు తెలుసు, డైరెక్టరుకు తెలుసు, నాకు తెలుసు. ఎవరి గురించి రాశామో వాళ్ళకు తప్ప అందరికీ తెలుసు.

అనంతపురం నుంచి వచ్చిన ఒక ఇంజనీరు మా కంపెనీలో ఉండేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఇందిరాపురంలోనే మా వెనక బ్లాకులో మరో ముగ్గురు తెలుగువాళ్ళతో కలిసి ఉండేవాడు. నెలకో ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఆఫీసులో నన్ను మేడమ్ అనేవాడు, ఇంట్లో ఆంటీ అనేవాడు. నెమ్మదస్తుడు. గోంగూర పచ్చడి ఇంకాస్త వేయమని అడగడానికి కూడా మొహమాటపడేవాడు. గిన్నె అతని ముందు పెట్టి నేను వంటింట్లోకి వెళ్తే అప్పుడు వేసుకునేవాడు.

ఆ మొహమాటమే ఆఫీసులో అతని ఇబ్బంది. పని అర్థం కాకపోతే అడిగేవాడు కాదు. అర్థమైందా అంటే యెస్ అనేవాడు. మూడు రోజులు ఒక్కడే కిందామీదా పడి, నాలుగో రోజు తప్పుగా చేసింది ఇచ్చేవాడు. ఆలస్యమవుతుందని ముందు చెప్పేవాడు కాదు. అతని మేనేజరు ఢిల్లీ వాడు, జాలి గుండె. అతని పని తనే ఇంటికి తీసుకెళ్ళి సరిచేసేవాడు. ఫారంలో మాత్రం మూడేళ్ళూ ఒకే వాక్యం. హ్యాజ్ సిగ్నిఫికెంట్ ఆపర్చునిటీ టు ఎన్‌హాన్స్ ప్రోయాక్టివ్ కమ్యూనికేషన్. మాటకు మాట తెలుగులో పెడితే, అడక్కముందే విషయం చెప్పడంలో మెరుగుపడటానికి పెద్ద అవకాశం ఉంది అని.

మూడో ఏడాది ఫారాలు ఇచ్చిన నెలలోనే ఒక ఆదివారం అతను భోజనానికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరుంది. చేతులు కడుక్కుని కూర్చుని, దానిలోంచి ఫారం తీశాడు.

"ఆంటీ, ఇది ఒకసారి చూసి చెప్పండి. గుర్గావ్‌లో ఒక కంపెనీ వాళ్ళు రమ్మంటున్నారు. ఉత్తరం కూడా ఇచ్చినారు. ఈడ ప్రమోషన్ వచ్చేట్టుంటే నేను పోను. సిగ్నిఫికెంట్ ఆపర్చునిటీ అని రాసినారు చూడండి. పెద్ద అవకాశం ఇస్తారనే కదా?"

నేను సాంబారు వడ్డిస్తున్నాను. గరిటె చేతిలోనే ఉంది. వాక్యం చదవక్కర్లేదు, అది నాకు కంఠతా వచ్చు.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే ఇస్తుంది. అతని భుజం మీదుగా ఫారంలోకి తొంగి చూసి అంది: "మమ్మీ, ఇస్‌కా మత్‌లబ్ తో భయ్యా కుఛ్ బోల్తే నహీ, హై నా?"

దీనర్థం అన్నయ్య ఏమీ మాట్లాడడనే కదా అని అడుగుతోంది. పదమూడేళ్ళ పిల్ల. మా రహస్య భాష ఎవరూ నేర్పకుండానే చదివేసింది.

"నీకు తెలియదు, నువ్వు తిను ముందు" అన్నాను.

అతను నవ్వాడు. "మీ పాప నన్ను బాగా కనిపెట్టింది ఆంటీ" అన్నాడు. మళ్ళీ నా మొహం చూశాడు. "అయితే ఎట్లా అంటారు? ఉండమంటారా?"

"ఫారం బాగానే ఉందిలే" అన్నాను. "మీ మేనేజరుకు నీమీద మంచి అభిప్రాయమే ఉంది."

రెండో ముక్క అబద్ధం కాదు. అందుకే నోటికి తేలిగ్గా వచ్చింది. అతను ఫారం జాగ్రత్తగా మడిచి ఫోల్డర్లో పెట్టుకున్నాడు. గుర్గావ్ వాళ్ళకు రానని రాసేశాడు.

అప్పుడు ఎందుకు చెప్పలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మేనేజరు చెప్పాల్సింది నేను చెబితే పద్ధతి కాదనుకున్నాను. ఆఫీసు సంగతి ఇంట్లో మాట్లాడకూడదనుకున్నాను. ఇవన్నీ సరైన కారణాలే. నిజానికి నా ఇంట్లో నా చేతి అన్నం తింటున్న మనిషి మొహం వాడిపోవడం నేను చూడలేను. అంతే.

ఆ తర్వాత ఏడాది తిరగకుండా అమెరికాలో బ్యాంకులు కూలాయి. మా క్లయింట్లు ఒక్కొక్కరే పని ఆపేశారు. ముందు క్యాబుల సంఖ్య తగ్గింది, తర్వాత క్యాంటీన్లో సమోసాలు పోయాయి, ఆ తర్వాత మనుషుల వంతు. ప్రతి మేనేజరునూ రెండు పేర్లివ్వమన్నారు. పేర్లు నా దగ్గరకొచ్చాయి. అనంతపురం ఇంజనీరు పేరుంది.

అతని మేనేజరును నా గదికి పిలిచాను.

"ఇతనెందుకు?"

"అరే మేడమ్, మీకు తెలియదా? మూడేళ్ళుగా అతని పని నేను చేస్తున్నాను. నోరు విప్పడు, తప్పు దాస్తాడు. మంచివాడు, అదే బాధ."

"ఆ ముక్క అతనికి ఎప్పుడైనా చెప్పారా?"

"ఫారంలో రాశాను కదా."

"ఫారంలో ఆపర్చునిటీ అని రాశారు."

ఆయన నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, అది మీ లిస్టులోదే."

కోపంతో అనలేదు. ఉన్న సంగతి గుర్తుచేశాడు.

డైరెక్టరు దగ్గరకు వెళ్ళాను. ఇతనికి తప్పేమిటో మనం ఎప్పుడూ చెప్పలేదు, మూడు నెలలు టైమిచ్చి చూద్దామన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పేర్ల లిస్టు అమెరికా వెళ్ళిపోయింది మేడమ్. అతని పేరు తీసేయవచ్చు. ఆ చోట ఇంకొకరి పేరు రాయాలి. ఎవరిది రాయమంటారు, చెప్పండి."

నేను లేచి నా గదికి వచ్చేశాను. ఇంకొక పేరు నేను చెప్పగలనని ఆయనా అనుకోలేదు.

ఉత్తరం ఇచ్చే రోజు మీటింగు గదిలో నలుగురం. డైరెక్టరు, మేనేజరు, నేను, అతను. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోల్డరు పట్టుకుని వచ్చాడు. ప్రమోషన్ గురించి పిలిచారనుకున్నాడని ఆ చొక్కా చూడగానే నాకు అర్థమైంది.

చదవాల్సిన కాగితం నా చేతిలో ఉంది. నేనే రాసింది. అందులో తీసేస్తున్నాం అనే మాట ఎక్కడా లేదు. సంస్థ స్వరూపాన్ని సరిదిద్దుకోవడం, పాత్రల పునఃపరిశీలన, ఇలాంటివే అన్నీ ఇంగ్లీషులో. సగం చదివేసరికి అతను చేయెత్తాడు. మూడేళ్ళలో అతను చేయెత్తడం మేనేజరు మొదటిసారి చూశాడట, ఆ సంగతి తర్వాత చెప్పాడు.

"మేడమ్, ఒక్క నిమిషం. నన్ను పొమ్మంటున్నారా?"

డైరెక్టరు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టారు. అతను వినలేదు. ఫోల్డరు తెరిచి మూడు ఫారాలూ టేబులు మీద వరసగా పరిచాడు.

"ఇందులో యాడ రాసినారు మేడమ్, నా పని బాగాలేదని? చూపించండి. నేను ప్రతి ముక్కా చదివినా. అర్థం కాని మాటకి డిక్షనరీ కూడా చూసినా."

తెలుగులో అడిగాడు. అతను కాక గదిలో తెలుగు వచ్చింది నా ఒక్కదానికే. నా చేతిలో కాగితం పక్కన పెట్టేశాను.

"ఎక్కడా రాయలేదు" అన్నాను. "రాయాల్సింది. ఇప్పుడు చెబుతాను, విను. నీకు పని అర్థం కాకపోతే అడగవు. అర్థమైందా అంటే అయిందంటావు. మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా కూర్చుని నాలుగో రోజు తప్పుగా చేసింది ఇస్తావు. ఆలస్యమవుతుందని ముందు చెప్పవు. నీ పని మూడేళ్ళుగా ఈయన ఇంట్లో కూర్చుని సరిచేస్తున్నారు. తెలివిలేక కాదు, పని రాక కాదు. అడగవు, అంతే."

చెబుతున్నంతసేపూ నాలో నేనే ఒకటి గమనించాను. అన్నేళ్ళు నేను లోపానికి మంచి పేరు కోసం వెతికాను. తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి పేరే అవసరం పడలేదు. అడగవు, చెప్పవు, దాస్తావు. మనిషి చేసేది చెబితే సరిపోయింది.

"మేడమ్, ఇంగ్లీష్ ప్లీజ్" అన్నారు డైరెక్టరు.

నేను అన్నదంతా హిందీలో మళ్ళీ చెప్పాను. మేనేజరు తల వంచుకున్నాడు. తర్వాత తలెత్తి అతనితోనే అన్నాడు. "సచ్ హై భాయ్, నిజమే. నేనే నీకు చెప్పాల్సింది. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

అతను ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. గొంతు పెరగలేదు.

"ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది మేడమ్. మూడేళ్ళ కిందట చెప్పుంటే? పోనీ, పోయిన ఏడాది మీ ఇంట్లో అడిగినా కదా, అప్పుడు? మీ పాపకు అర్థమైంది. మీకు అర్థం కాలేదా?"

"అర్థమైంది" అన్నాను.

ఆ మాట చెప్పకుండా తప్పించుకుని ఉండవచ్చు. తప్పించుకోలేదు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను.

అతను ఫారాలు తిరిగి ఫోల్డర్లో పెట్టుకున్నాడు. ఈసారి డైరెక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడాడు. తప్పుల్లేని ఇంగ్లీషు. తనకు నెల రోజుల నోటీసు ఉందనీ, ఆ నెల తనను ఇంటికి పంపకుండా పని చేయనివ్వమనీ అడిగాడు. మా కంపెనీలో అలవాటు వేరు. ఉత్తరం ఇచ్చిన రోజే గుర్తింపు కార్డు తీసుకుని, సెక్యూరిటీ గార్డును తోడిచ్చి గేటు దాటించేవాళ్ళం. డైరెక్టరు నావైపు చూశారు. పని చేయనివ్వాల్సిందేనని నేను గట్టిగా అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఆ ఒక్కటే గెలిచాను.

ఆ నెల అతను మారిపోయాడని చెబితే కథ బాగుంటుంది. పూర్తిగా అలా జరగలేదు. మొదటి వారం ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఎదురైతే పక్కకు తప్పుకున్నాడు. ఆదివారం రాలేదు. రెండో వారంలో మేనేజరు నా గదికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మేడమ్, ఇవాళ క్లయింటుతో ఫోన్లో మాట్లాడుతుంటే మధ్యలో ఆపాడు. ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్ అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. అవతలాయన మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. పది నిమిషాలు. అంతే. పని సాయంత్రానికి అయిపోయింది."

"మంచిదే కదా."

"మంచిదే. ఈ పది నిమిషాల కోసం నేను మూడేళ్ళు ఆదివారాలు పోగొట్టుకున్నాను" అన్నాడు. నవ్వాడో, ఇంకేమిటో, నాకు తెలియలేదు.

ఆ తర్వాత అతను రోజుకు పదిసార్లు మేనేజరు సీటు దగ్గరకొచ్చి అడిగేవాడట. విసుగొచ్చేంతగా. కొన్ని పనులు అప్పటికీ తప్పుగానే వచ్చాయి. అయితే తప్పని ముందే తెలిసేది.

చివరి రోజు సాయంత్రం కార్డు ఇవ్వడానికి నా గదికి వచ్చాడు. సంతకాలు పెట్టించుకున్నాను. ఎప్పుడైనా ఇంటికి రమ్మన్నాను. రానని అనలేదు, వస్తాననీ అనలేదు. మీటింగు రోజు నుంచీ అతను నన్ను ఆంటీ అనలేదు.

తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"మేడమ్, మీరు నాకు నా తప్పు చెప్పినారు. మీది నేను చెప్పచ్చా?"

"చెప్పు."

"మీరు ఎదుటోళ్ళు బాధపడతారని ఊరుకోరు. వాళ్ళు బాధపడేది మీరు చూడాల్సి వస్తాదని ఊరుకుంటారు. రెండూ ఒకటి కాదు మేడమ్."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. దురుసుగా అనలేదు. నేర్చుకున్న పాఠం అప్పగించినట్టు, నిదానంగా, ఒక్కో మాటా చూసుకుని అన్నాడు.

అతనికి అయిదు నెలలకు హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. చిన్న కంపెనీ. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని ఇంటర్వ్యూలో అడిగితే, అర్థం కానిది అడిగేవాణ్ణి కాదు, అందుకే పోయిందని చెప్పాడట. వాళ్ళు నవ్వి, ఇప్పుడు అడుగుతావా అంటే, ఇందాకటి రెండో ప్రశ్న నాకు అర్థం కాలేదు, మళ్ళీ అడగండి అన్నాడట. ఇది అతనితో కలిసి ఉన్నవాళ్ళలో ఒకరు చెప్పారు. అతను నాకు ఎప్పుడూ ఫోన్ చేయలేదు. నేను చేయలేదు. అతను చేయకపోవడంలో తప్పేమీ లేదు.

ఆ ఏడాది నా లిస్టు నేనే పీకించాను. సీటు సీటుకీ వెళ్ళి అడిగి తీసుకున్నాను. కొందరు ఇవ్వనన్నారు, ఇన్నాళ్ళూ బాగానే ఉంది కదా అని పోట్లాడారు. ఫారంలో ఆ గడికి ఒకటే నియమం పెట్టాను. విశేషణాలు వద్దు. అతను ఏం చేశాడో, ఏం చేయలేదో, ఏ పనిలో జరిగిందో రాయాలి. రాసిన ముక్క ముందు అతనికి నోటితో చెప్పాలి. ఆ నియమం ఎవరికీ నచ్చలేదు. ఫారాలు ఆలస్యమయ్యాయి. ఇద్దరు ఏడ్చారు. ఒకామె నా గదిలోనే ఏడ్చింది. టిష్యూలు అందించి, ఎదురుగా కూర్చుని, ఆమె మొహం వైపే చూశాను. తేలికేమీ కాదు. ఆమె రాజీనామా చేయలేదు. రెండో అతను చేశాడు.

నా ఫారం నేనూ రాసుకోవాలి. మా పద్ధతిలో ముందు మనం రాస్తే పైవాళ్ళు చూసి సంతకం పెడతారు. రెండో గడి దగ్గర ఒక గంట కూర్చున్నాను. చివరికి అనంతపురం అతను అన్నదే ఇంగ్లీషులో రాశాను. చెప్పాల్సినవి చెప్పను, ఎదుటివాళ్ళ బాధ చూడటం నాకు కష్టం, దానివల్ల ఈ ఏడాది ఒకతనికి అన్యాయం జరిగింది.

డైరెక్టరు చదివి కళ్ళజోడు తీశారు.

"మేడమ్, ఇది ఫైల్లో ఉండిపోతుంది. అమెరికా వాళ్ళు చూస్తారు. ఏదైనా మంచి మాట పెట్టండి. మీకు నేను చెప్పాలా?"

"వెతికాను సర్. దొరకలేదు. అలాగే ఉండనివ్వండి."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. సంతకం పెట్టారు. నేను లేవబోతుంటే ఆగమన్నారు.

"ఇదే పద్ధతిలో నా ఫారం మీరు రాయాల్సి వస్తే ఆ గడిలో ఏం రాస్తారు?"

ఆయన నవ్వి, ఊరికే అన్నాను వెళ్ళండి అంటారేమోనని చూశాను. నవ్వలేదు. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

ఆయన మొహం వైపే చూస్తూ చెప్పాను.